తలల లెక్కలో ఉన్నాం, ఇళ్ళ లెక్కలో ఎక్కడ?

జనగణన వివరాలు వెలువడిన ప్రతిసారీ ఈ దేశంలో ముస్లింల గురించి ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఎంత పెరిగారు? ఎలా బతుకుతున్నారు, ఎన్ని గదుల్లో ఎందరు తలదాచుకుంటున్నారు, వాకిట్లో కుళాయి ఉందా, మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్నలు మాత్రం ఎవరి నోటా రావు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే పట్టికలను ప్రభుత్వం మతాలవారీగా ముద్రిస్తుంది. రెండో రకం ప్రశ్నలకు జవాబు చెప్పే పట్టికల్లో మన గడి అసలు ఉండదు. ఇది యాదృచ్ఛికమని మేము అనుకోవడం లేదు. కనీసం, ఇంతకాలం సరిదిద్దకుండా వదిలేయడం యాదృచ్ఛికం కాదు.

ముందుగా పెరుగుదల అంకెల సంగతి చూద్దాం. అవి ఎలా పుడతాయో తెలియనంత కాలం వాటికి భయపడటమో, వాటితో భయపెట్టడమో తప్ప మరో దారి ఉండదు.

2004 సెప్టెంబరులో, 2001 జనగణన మతాల వివరాలు విడుదలయ్యాయి. గడచిన దశాబ్దంలో ముస్లిం జనాభా 36 శాతం పెరిగిందని ఆ నివేదిక చెప్పింది. దేశమంతటా గగ్గోలు పుట్టింది. ఆ అంకె వెనుక ఉన్నది ఒక సాదా కూడిక తప్పిదం. 1991లో జమ్మూ కాశ్మీర్‌లో జనగణన జరగలేదు. 2001లో జరిగింది. ముస్లింలు అధిక సంఖ్యాకులుగా ఉన్న ఒక రాష్ట్రం మొత్తం మొదటి లెక్కలో లేదు, రెండో లెక్కలో ఉంది. ఆ రాష్ట్ర ప్రజలందరినీ పదేళ్ళలో కొత్తగా పుట్టినవారిగా లెక్కగడితే 36 కాక మరేం వస్తుంది? సరిచేసి చూస్తే తేలింది సుమారు 29 శాతం. అంతకు ముందు దశాబ్దంలో అది దాదాపు 33 శాతం. అంటే నిజానికి ఆ జనగణన చెప్పిన వార్త ముస్లిం జనాభా వృద్ధి రేటు తగ్గిందని. జనం చెవిన పడింది దానికి పూర్తిగా విరుద్ధమైన వార్త. సవరణ వచ్చింది, కానీ గగ్గోలు పెట్టినవారిలో సవరణను మోసుకు తిరిగినవారు ఎందరు?

తరువాతి దశాబ్దం చూడండి. 2001 నుంచి 2011 వరకు ముస్లింల వృద్ధి రేటు 24.6 శాతం, హిందువులది 16.8 శాతం. అంతకు ముందు అవి 29.5, 19.9. రెండూ తగ్గాయి. రెండింటి మధ్య అంతరం కూడా 9.6 పాయింట్ల నుంచి 7.8 పాయింట్లకు తగ్గింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఒక ముస్లిం మహిళకు సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి 2.36. మూడు దశాబ్దాలలో దాదాపు ఇద్దరు పిల్లల తగ్గుదల ఇది. ఏ మతంవారి ఇళ్ళలోనైనా పిల్లల సంఖ్యను నిర్ణయించేవి ఆడపిల్ల చదువు, తల్లి ఆరోగ్యం, చేతిలో పని. అందుకే అదే సర్వేలో మొత్తం జనాభాకు బీహార్‌లో ఈ సగటు 3.0 ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 1.7 ఉంది. ఈ తేడాకు మతం కారణమని ఎవరూ అనరు కదా!

2024 మే నెలలో మరో అంకె ఊరేగింది. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి వెలువరించిన ఒక పత్రం, 1950 నుంచి 2015 వరకు దేశ జనాభాలో ముస్లింల వాటా 43 శాతం పెరిగిందని చెప్పింది. శీర్షికలు చదివినవారికి దేశంలో 43 శాతం ముస్లింలే ఉన్నట్టు తోచింది. ఆ పత్రంలోని అసలు అంకెలు ఇవి: 1950లో 9.84 శాతం, 2015లో 14.09 శాతం. అరవై అయిదేళ్ళలో పెరిగినది నాలుగు పాయింట్ల పైచిలుకు. పదిమందిలో ఒకరు ఉన్నచోట ఇద్దరైతే దాన్ని నూరు శాతం పెరుగుదల అనవచ్చు. అలా అనడం గణితంలో తప్పు కాదు. కానీ చిన్న అంకెకు శాతం కట్టి పెద్దగా చూపించి, ఎన్నికల వేళ దాన్ని ఊరి మీదికి వదలడం న్యాయమా అన్నది గణితానికి చెందిన ప్రశ్న కాదు.

మన ఇంటి ముంగిట ఉన్న ఉదాహరణ మరొకటి. 2011 జనగణన ప్రకారం నేటి తెలంగాణ భూభాగంలో ముస్లింలు 12.7 శాతం. 2024 నవంబరులో మొదలైన తెలంగాణ ఇంటింటి కుల సర్వే ప్రకారం 12.56 శాతం. రెండు గణనల పద్ధతులు వేరని, సర్వే 96.9 శాతం కుటుంబాలనే చేరిందని మాకు తెలుసు. కనుక ముస్లింల వాటా తగ్గిందని మేము వాదించడం లేదు. కానీ పదమూడేళ్ళుగా మన చెవుల్లో మోగుతున్న ‘జనాభా విస్ఫోటం’ నిజమే అయితే, దాని చప్పుడు ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఒకచోట వినిపించాలి. అది వినిపించడం లేదు.

ఇదంతా తలల లెక్క. ఇప్పుడు ఇళ్ళ లెక్కకు వద్దాం. మా అసలు ఫిర్యాదు దానిమీదే.

జనగణన రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది ఇళ్ళ జాబితా, గృహ గణన. రెండోది జనాభా గణన. రానున్న లెక్కలకు మొదటి దశను 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య, రెండో దశను 2027 మార్చి 1ని ప్రమాణంగా తీసుకుని జరపాలని ప్రభుత్వం నిర్ణయించింది. మంచు ప్రాంతాలకు తేదీలు వేరు. మొదటి దశలో గణకుడు అడిగేవి మన బతుకు వివరాలు. నేల దేనితో వేశారు, గోడ దేనిది, కప్పు దేనిది, ఇల్లు సొంతమా అద్దెదా, గదులెన్ని, కాపురం చేసే జంటలెన్ని, తాగునీరు ఎక్కడి నుంచి, దీపం కరెంటుదా, మరుగుదొడ్డి, స్నానపు గది, మురుగునీటి కాలువ, వంటగది, వంటచెరకు, టీవీ, ఫోను, బండి. ఒక దేశం పేదరికాన్ని ఇంత దగ్గరగా, ఇంటింటా చూసే సందర్భం మరొకటి లేదు.

ఈ దశలో కుటుంబ పెద్ద గురించి అడిగే సామాజిక ప్రశ్న ఒక్కటే: షెడ్యూల్డ్ కులమా, షెడ్యూల్డ్ తెగా, ఇతరులా? 2010లో అదే ప్రశ్న. ఈసారి నోటిఫై చేసిన 33 ప్రశ్నల్లోనూ అదే. మతం ప్రశ్న రెండో దశలో, మనుషులను లెక్కించేటప్పుడు మాత్రమే వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లిం ఎంతటి అట్టడుగువాడైనా షెడ్యూల్డ్ కులంలోకి రాడు. కాబట్టి కొద్దిమంది గిరిజన ముస్లింలు తప్ప దేశంలోని ముస్లిం ఇళ్ళన్నీ ‘ఇతరులు’ అన్న గడిలోకి వెళ్తాయి. బంజారాహిల్స్ బంగళా ఆ గడిలోనే. మూసీ ఒడ్డున రేకుల షెడ్డు ఆ గడిలోనే. రెండింటినీ కలిపి సగటు తీస్తే ఆ సగటులో ఎవరి బతుకు కనిపిస్తుంది?

ఫలితం ఏమిటంటే, 2011 గృహ గణన ఈ దేశంలో 53.1 శాతం ఇళ్ళకు ఆవరణలో మరుగుదొడ్డి లేదని చెప్పగలిగింది. 41 శాతం కుటుంబాలు ఒక్క గదిలోనో, తమదంటూ గదే లేకుండానో బతుకుతున్నాయని చెప్పగలిగింది. దళితుల, ఆదివాసుల ఇళ్ళలో పరిస్థితి ఏమిటో విడిగా చెప్పగలిగింది. చెప్పి తీరాలి కూడా. ఆ వివరాలను సాధించుకున్నది వారి పోరాటమే, దాన్ని మేము గౌరవిస్తాం. కానీ 17.22 కోట్ల ముస్లింల ఇళ్ళ గురించి ఆ గృహ గణన పట్టికలు ఒక్క ముక్క చెప్పలేకపోయాయి. మనం ఎందరమో పైసలతో సహా తెలుసు. మనం ఎట్లా ఉన్నామో తెలుసుకోవడానికి మాత్రం నమూనా సర్వేలను ఆశ్రయించాలి. అవి రాష్ట్రం దాకా చెప్పగలవేమో గాని మొహల్లా గురించి, వార్డు గురించి చెప్పలేవు.

ముస్లింల విషయంలో ఇళ్ళ సమస్య ప్రధానంగా పట్టణ సమస్య అన్నది గుర్తుంచుకోవాలి. 2011లో దేశ జనాభాలో 31 శాతం పట్టణవాసులైతే ముస్లింలలో దాదాపు 40 శాతం. హైదరాబాద్ జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతానికి పైగా. అద్దెకు ఇల్లు అడిగితే పేరు వినగానే ‘ఇప్పుడే ఇచ్చేశామండీ’ అనే ఊళ్ళలో, జనం ఉన్న మొహల్లాలోనే మరింత ఇరుక్కుని ఉండక తప్పదు. ఆ ఇరుకును కొలిచే ప్రశ్నలు గృహ గణనలోనే ఉన్నాయి. గదులెన్ని, జంటలెన్ని అన్న రెండు ప్రశ్నలను పక్కపక్కన పెడితే చాలు. కానీ ఆ రెండింటి పక్కన ఆ ఇల్లు ఎవరిదో తెలియదు.

తెలియకపోతే ఏమవుతుంది అని అడిగేవారికి మన రాష్ట్రమే జవాబు. సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఆ తరువాత కేంద్రం 2001 జనగణన ఆధారంగా 90 మైనారిటీ కేంద్రీకృత జిల్లాలను గుర్తించి, 2008-09లో బహుళరంగ అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. మైనారిటీల జనాభా వాటా ఒక కొలమానం. అక్షరాస్యత, పని, పక్కా గోడలు, తాగునీరు, కరెంటు, మరుగుదొడ్డి మరికొన్ని కొలమానాలు. ఆ 90లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క జిల్లా లేదు. హైదరాబాద్ కూడా లేదు. కారణం స్పష్టం. సౌకర్యాలను కొలిచింది జిల్లా సగటుతో. జూబ్లీహిల్స్ కుళాయిలో నీళ్ళొస్తే తలాబ్‌కట్టకూ వచ్చినట్టే. కర్నూలు పాతబస్తీ అయినా, కడప అయినా, నిజామాబాద్ అయినా అంతే. చెల్లాచెదురుగా ఉన్న మైనారిటీ జిల్లా అంకెలో కరిగిపోతుంది. ఈ లోపాన్ని గుర్తించే 2013లో జిల్లా ప్రాతిపదికను వదిలి 710 బ్లాకులు, 66 పట్టణాలు అన్నారు. అక్కడా కొలత మొత్తం బ్లాకుదే, మొత్తం పట్టణానిదే. మన ఇంటిది కాదు.

రిజర్వేషన్ల గాథ ఇంకా చేదైనది. 2007లో ఉమ్మడి రాష్ట్రం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పిస్తూ చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేస్తూ, ఆధారంగా చూపిన సర్వే శాస్త్రీయంగా లేదని తప్పుపట్టింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ కోటా నిలబడి ఉంది. వెనుకబాటును నిరూపించమని న్యాయస్థానం అడుగుతుంది. నిరూపించే అంకెలను ప్రభుత్వం సేకరించదు. సేకరించని అంకెలు చూపలేదని మన హక్కు త్రాసులో తేలిపోతుంది. ఇంతకంటే తిరకాసు మరొకటి ఉంటుందా?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండింటికీ సూటిగా జవాబు చెప్పడం మా బాధ్యత.

మొదటిది: ఇళ్ళను, కుళాయిలను మతాలవారీగా లెక్కించడం సమాజాన్ని చీల్చదా? పుట్టినవారిని మతాలవారీగా లెక్కించి ప్రచురించినప్పుడు చీలని సమాజం, మరుగుదొడ్లను లెక్కిస్తే చీలుతుందా? పెరుగుదల పట్టిక జాతీయ సమాచారం, లేమి పట్టిక మతతత్వం అనే వాదనను మేము అంగీకరించం. పైగా ఈ లెక్క ముస్లింలకే పరిమితం కానక్కర లేదు. క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, హిందువులు అందరి ఇళ్ళ వివరాలూ బయటికి రానివ్వండి. ఎవరి మీద ఎవరు ఎక్కి కూర్చున్నారన్న పుకార్లకు అంతకు మించిన విరుగుడు లేదు.

రెండోది మనవాళ్ళే లేవనెత్తేది, బరువైనది. ఏ వీధిలో ఎన్ని ముస్లిం ఇళ్ళున్నాయో కాగితం మీద పెడితే అల్లరిమూకలకు జాబితా అందించినట్టు కాదా? ఈ భయాన్ని మేము కొట్టిపారేయం. దీనికి అనుభవం నేర్పిన కారణాలున్నాయి. అయితే మేము కోరేది వీధి జాబితా కాదు. పేర్లు, ఇంటి నంబర్లు, చిన్న బ్లాకుల అంకెలు ఏవీ వద్దు. మండలం, పట్టణం, పెద్ద నగరాల్లో వార్డుల సముదాయం స్థాయిలో కూడిన అంకెలు చాలు. ఏ వీధిలో ఎవరుంటారో తెలుసుకోవాలనుకునే దుర్మార్గుడికి జనగణన అవసరం లేదు. ఏ వీధికి నీళ్ళు రావడం లేదో నిరూపించాలనుకునే పౌరుడికి అది తప్ప మరో ఆధారం లేదు.

కనుక మా డిమాండ్లు ఇవి. డిజిటల్ పద్ధతిలో జరుగుతున్న ఈ జనగణనలో మొదటి దశ గృహ వివరాలను రెండో దశలో నమోదయ్యే మతం, కులం వివరాలతో జోడించి పట్టికలు ప్రచురించాలి. ఒకే కుటుంబం గురించి రెండుసార్లు అడిగిన వివరాలను ఒకచోట చేర్చడం సాంకేతికంగా అసాధ్యమని ఎవరూ చెప్పలేరు. గ్రామం, వార్డు స్థాయి ప్రాథమిక సారాంశంలో షెడ్యూల్డ్ కులాలు, తెగలు, అక్షరాస్యులు, పనివారు ఉన్నారు, మతం లేదు. కనీసం పట్టణ స్థాయిలోనైనా అక్షరాస్యత, పని, గృహ వసతులు మూడింటినీ మతాలవారీగా ఇవ్వాలి. వృద్ధి రేట్లను ప్రకటించిన రోజే లేమి అంకెలనూ ప్రకటించాలి. 2011 జనాభా మతాల వివరాలు 2015 ఆగస్టులో గాని రాలేదు. ఆ జాప్యం మళ్ళీ వద్దు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ శాసనసభల ద్వారా ఈ కోరికను కేంద్రం ముందుంచాలి.

డిమాండు ఒక చేయి అయితే బాధ్యత రెండో చేయి. పాఠకులకు కొన్ని మాటలు విన్నవించుకుంటున్నాం.

జనగణన 1948 నాటి చట్టం ప్రకారం జరుగుతుంది. అందులో చెప్పిన వ్యక్తిగత వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదని, సాక్ష్యంగా వాడరాదని ఆ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. గణకుడికి చూపాల్సిన పత్రం ఏదీ లేదు. జాతీయ జనాభా రిజిస్టర్ వేరు. అది పౌరసత్వ చట్టం, 2003 నియమాల కింద వచ్చేది. ఆ రెండింటినీ కలగలిపి తలుపు మూసుకుంటే నష్టం మనకే. రిజిస్టరును ప్రశ్నించే హక్కు మనకుంది. లెక్కలో నిలబడే హక్కు కూడా ఉంది. మొదటిదాని కోసం రెండోదాన్ని పోగొట్టుకోవద్దు.

కుటుంబం అంటే జనగణన దృష్టిలో ఒకే వంటశాలలో కలిసి తినేవారు. ఒక కప్పు కింద ముగ్గురు అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకుంటే అవి మూడు కుటుంబాలు. పెద్దాయన పేరు మీద ఒకటే రాయించి మిగతా ఇద్దరినీ మరుగున పడేస్తే, ఆ ఇంటి ఇరుకు కాగితం మీద విశాలమవుతుంది. గది అంటే నాలుగు గోడలు, తలుపు, కప్పు ఉండి, కనీసం 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్నది. పరదా కట్టి రెండుగా చేసిన గది ఒక గదే. వరండా గది కాదు. పరువు కోసం రెండని చెప్పకండి. పగలు లక్కగాజులు చేసి, కుట్టుమిషన్ నడిపి, రాత్రి పడుకునే ఇల్లయితే ఆ రెండు ఉపయోగాలూ చెప్పండి. ఇంటాయన గల్ఫ్‌లో ఉండి, ఇల్లు నడిపేది ఇల్లాలైతే కుటుంబ పెద్దగా ఆమె పేరే రాయించండి. గణన కాలమంతా దేశం బయట ఉన్నవారు జనాభా లెక్కలోకి రారు.

మాతృభాష గడి దగ్గర నిజం చెప్పండి. 2001లో 5.15 కోట్లుగా ఉన్న ఉర్దూ మాట్లాడేవారు 2011లో 5.07 కోట్లయ్యారు. ఉర్దూ పాఠశాల, ఉర్దూ ఉపాధ్యాయుడు కావాలని అడగడానికి ఆ గడే ఆధారం. అదే సమయంలో, తెలుగే అమ్మ భాష అయిన లక్షలాది కుటుంబాలు తెలుగు అని రాయించడంలో ఏ న్యూనతా లేదు. దీన్ వేరు, ఇంటి భాష వేరు.

ఈసారి కులం కూడా అడుగుతారు. 2011 సామాజిక, ఆర్థిక కుల గణనలో 46 లక్షల కులాల పేర్లు నమోదయ్యాయని కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఒకే వర్గాన్ని ఒకచోట నూర్‌బాషా అని, ఒకచోట దూదేకుల అని, మరోచోట పింజారి అని రాస్తే ఆ అంకె ముక్కలవుతుంది. ‘ఇస్లాంలో కులం లేదు’ అని రాయించాలనే ఉత్సాహం కొందరిలో ఉంది. సమానత్వం మన విశ్వాసమే. కానీ ఖురేషీని, ఫకీరును, హజాంను, అత్తరు సాయిబును సమాజం ఎలా చూస్తోందో దాచిపెట్టడం వల్ల సమానత్వం రాదు, వారికి దక్కాల్సింది పోతుంది. తెలంగాణ సర్వే ముస్లింలలో 10.08 శాతాన్ని, అంటే మొత్తం 12.56లో అధిక భాగాన్ని, వెనుకబడినవారిగా చూపింది. ప్రభుత్వ జాబితాలో ఉన్న పేరేమిటో మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ముందే తెలుసుకుని ఇంటింటికీ చెప్పాలి.

2013 ఆహార భద్రతా చట్టం కింద ఎందరికి బియ్యం అన్నది నేటికీ 2011 అంకెల మీదే నడుస్తోంది. ఒకసారి రాసిన అంకె పదిహేనేళ్ళు మన కంచం మీద పెత్తనం చేస్తుంది. ఈసారి రాసేది మరెన్నేళ్ళు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి గణకుడు వచ్చినప్పుడు తలుపు తీయండి, అన్నీ చెప్పండి, రాసినది చదివి వినిపించమనండి. ఆ తరువాత మన ఎమ్మెల్యేను, ఎంపీని ఒక్క మాట అడగండి: మా తలలను లెక్కించారు, సంతోషం. మా ఇళ్ళ లెక్క ఎప్పుడు చూపిస్తారు?